తొడ కండరం మూడోసారి తెగింది, కాలనీ అంతా ఎప్పుడు ఆడుతవని అడుగుతోంది

కాజీపేట వైపు నుంచి 19 ఏళ్ల కుర్రాడు రాసిన ఉత్తరం ఇది. పేరు, కాలనీ, కాలేజీ తీసేసి మిగతాది కుదించి ఇస్తున్నాను.

తను హాకీలో ఫార్వర్డ్. ఏడో తరగతిలో బడిలో పీఈటీ సార్ చేతికి స్టిక్ ఇచ్చాడు, అక్కడి నుంచి రాష్ట్ర జూనియర్ జట్టు దాకా వచ్చాడు, కిందటేడాది జాతీయ జూనియర్ శిబిరానికి పిలుపొచ్చింది. ఆ వార్త తెలియగానే చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు, లోకల్ ఇన్‌స్టా పేజీల్లో "ఓరుగల్లు నుంచి ఇండియా టీమ్‌కు" అని రీల్స్ వచ్చాయి. శిబిరంలో రెండో వారం, పరుగులో ఉండగా కుడి తొడ వెనక కండరం పట్టేసింది, ఇంటికి పంపించారు. నెల తిరక్కుండానే కాలనీ యూత్ ఇతని ఫొటో వేసి ఒక టోర్నమెంట్ పెట్టారు. రానంటే బాగుండదని ఆడాడు, రెండో మ్యాచ్‌లో మళ్లీ అదే చోట. రెండు నెలలు ఇంట్లో ఉండి, నేషనల్స్ వచ్చాయని లేచి వెళ్లాడు. మొదటి క్వార్టర్‌లోనే మూడోసారి పడిపోయాడు. ఆ వీడియో ఎవరో పెట్టారు, దాని కింద కామెంట్లలో "గాజు కాళ్లోడు" అనే పేరు పుట్టింది, ఇప్పుడు గ్రౌండ్‌లో చిన్న పిల్లలు కూడా వెనక నుంచి అలాగే పిలుస్తున్నారట.

"అక్కా, బాపు ఆటో నడుపుతడు. నా స్టిక్కులకు, షూలకు, ప్రయాణాలకు చిట్టి ఎత్తిండు, ఇంకా కడుతనే ఉన్నడు. నేను ఇండియా జెర్సీ వేసుకుంటే నిలువెత్తు బంగారం (బెల్లం) ఇస్తనని అమ్మ సమ్మక్కకు మొక్కింది. మామ ఇగ హాకీ చాలు, కానిస్టేబుల్ కోచింగ్‌ల చేరు అంటున్నడు. వచ్చే నెల మళ్లీ సెలెక్షన్ ట్రయల్స్ ఉన్నయి. ఒక సీనియర్, ఇంజెక్షన్ వేయిస్త, రెండు రోజులు నొప్పే తెల్వది అన్నడు. పాలకు పోయినా, చాయ్ తాగబోయినా ఎప్పుడాడుతవని అడుగుతరు. రాత్రి ఫోన్ పట్టుకుని ఆ కామెంట్లే చదువుత. ఒక్కోసారి ఎవరికీ కనబడకుండ పోవాలనిపిస్తది. ట్రయల్స్‌కు పోవాల్నా, ఏడాది ఆగాల్నా, మొత్తం మానెయ్యాల్నా?" డిగ్రీ రెండో సంవత్సరంలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయని చివర్లో రాశాడు.

తమ్ముడూ, నీ చివరి మాటల్లో ఒకటి నన్ను ఆపేసింది, ముందు దాని గురించే అడుగుతాను. ఎవరికీ కనబడకుండా పోవాలనిపిస్తుందని రాశావు. అది అలసట వల్ల వచ్చిన మాటా, ప్రాణం మీదకు తెచ్చుకునే ఆలోచనా? రెండోది కాస్తయినా ఉంటే ఈ సమాధానం పక్కన పెట్టి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, 14416కు ఫోన్ చెయ్యి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరో ఒకరికి కూడా ఈ రాత్రే చెప్పు. అలసటే అయినా ఫోన్ చేయొచ్చు, మాట్లాడడానికి ప్రాణాల మీదకు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఇక కాలి సంగతి. నేను డాక్టర్‌ని కాను. ఆటగాళ్లతో, వాళ్లకు వైద్యం చేసే ఫిజియోలతో ఏళ్ల తరబడి మాట్లాడుతూ తెలుసుకున్నది మాత్రమే చెప్తాను. నువ్వు మూడు గాయాలయ్యాయని రాశావు, అందుకే నా ఒళ్లే అంతేమోనని భయపడుతున్నావు. నీ తేదీలు వరుసగా కాగితం మీద రాసుకుని చూస్తే నాకు కనిపించింది ఒకే గాయం. మొదటిసారి చిరిగిన చోటు పూర్తిగా మానకముందే ఆడావు, మళ్లీ చిరిగింది, అది మానకముందే ఇంకోసారి ఆడావు. తొడ వెనక కండరాల గాయాలకు ఇదో చెడ్డ గుణం. నొప్పి ముందు పోతుంది, బలం ఎప్పటికో వస్తుంది. నడిస్తే బాగుంటుంది, మెట్లెక్కితే బాగుంటుంది, మెల్లగా పరిగెత్తినా బాగానే ఉంటుంది, ఫుల్ స్పీడ్‌లో కాలు ముందుకు విసిరి నేల మీద వేసే ఆ క్షణంలోనే తెగుతుంది. ఇప్పటికే ఒకసారి తెగిన కండరం మళ్లీ తెగే అవకాశం ఎక్కువ, అదీ ఆటలోకి తిరిగొచ్చిన మొదటి కొన్ని వారాల్లోనే. నీకు రెండుసార్లూ సరిగ్గా అప్పుడే జరిగింది. దీన్ని బట్టి నీ ఒళ్లు గాజుదని నేను అనుకోలేను, వైద్యం సగంలో ఆగిపోయిందని మాత్రం అనగలను.

పైగా హాకీ ఆ కండరాన్ని ఇంకో విధంగా కూడా సతాయిస్తుంది. ఫుట్‌బాల్ ఆటగాడు నిటారుగా పరిగెత్తుతాడు, నువ్వు నడుము వంచి, స్టిక్ నేలకు ఆనించి, ఆ వంగిన ఒంటితోనే స్పీడ్ అందుకోవాలి. నడుము వంగినప్పుడు తొడ వెనక కండరం ముందే సాగి ఉంటుంది, ఆ మీదట పరుగు. నువ్వు సాధన చేసేది మట్టి గ్రౌండ్ మీద, నేషనల్స్ ఆడింది టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద అని కూడా రాశావు. టర్ఫ్ మీద బంతి వేగం వేరు, కాలు పట్టు వేరు, ఆగడం, తిరగడం వేరు. మానీ మానని కాలితో అలవాటు లేని నేల మీద మొదటి క్వార్టర్‌లోనే పడిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది, నీ మీద కాదు. "ఎక్స్‌రే తీసిన్రు, ఏం లేదన్నరు" అని రాశావు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, కండరం చిరిగితే కనిపించదు. మూడుసార్లు పడినా ఎవరూ అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ రాయలేదంటే, గాయం ఎంత లోతో, కండలో ఉందా, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువు (టెండన్) దగ్గర ఉందా అన్నది ఇప్పటిదాకా ఎవరికీ తెలియదన్నమాట. స్నాయువు దగ్గరిదైతే మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఒక్కోసారి నడుములో ఇబ్బంది ఉండి నొప్పి తొడ వెనక తెలుస్తుంది, హాకీవాళ్లలో నడుము నొప్పులు మామూలే కాబట్టి అదీ చూపించుకోవాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆర్థోపెడిక్ (ఎముకలు, కీళ్లు) ఓపీకి వెళ్లు, లేదంటే హైదరాబాద్ నిమ్స్. కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. "నొప్పి" అని మాత్రమే చెప్పి ఊరుకోకు, "హాకీ ఆడతాను, అదే చోట మూడోసారి, ఎక్స్‌రే మాత్రమే తీశారు" అని చెప్పు. నాటు వైద్యుడు నూనె పెట్టి గట్టిగా తోమాడని రాశావు, దెబ్బ తగిలిన మొదటి రోజుల్లో అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

ఇంజెక్షన్ గురించి సూటిగా చెప్తాను, ఎందుకంటే ఇందులో రెండు దారులు లేవు. నొప్పి తెలియకుండా చేసిన కండరం ఎక్కడ ఆగాలో నీకు చెప్పలేదు. కొద్దిగా చిరిగింది మొత్తం తెగితే ఆపరేషన్ దాకా పోవచ్చు. ఆ సీనియర్ చెప్పే సీసాలో ఏముందో నీకు తెలియదు. అది స్టెరాయిడ్ అయితే, 2022 జనవరి నుంచి ఆ రకం ఇంజెక్షన్ ఒంట్లో ఎక్కడ వేసినా పోటీల సమయంలో నిషేధం. నాడా (డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లు పరీక్ష చేస్తే నాకు తెలియదు, అన్న వేయించాడు అంటే చెల్లదు. కాలు మానుతుంది తమ్ముడూ, డోపింగ్ మచ్చ మానదు. ఆ అన్న మంచితనంతోనే చెప్పి ఉండొచ్చు, నువ్వు మాత్రం వద్దను.

ఇప్పుడు ట్రయల్స్. ఇక్కడ మాత్రం నిజంగానే దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది, నిర్ణయం నీది.

వచ్చే నెల వెళ్తే ఏమవుతుంది? కలిసొస్తే ఎంపికవుతావు. కానీ ఎంపికతో పని అయిపోదు, శిబిరంలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సాధన, మధ్యలో ఫిట్‌నెస్ పరీక్షలు. బాగున్న కాలే అక్కడ రెండో వారం దాటలేదని మొదటిసారి చూశావు, మానని కాలు ఎంతదాకా ఆగుతుంది? ఎంపిక చేసేవాళ్లు కూడా మనుషులే. ఒకసారి గాయపడిన ఆటగాడిని మళ్లీ పిలుస్తారు, వాళ్ల కళ్ల ముందే ప్రతిసారీ పడిపోయే ఆటగాడిని పిలవడానికి వెనకాడతారు. వెళ్లకపోతే పోయేది ఈ ఒక్క అవకాశం, వెళ్లి పడితే పోయేది నీ మీద వాళ్ల నమ్మకం.

ఈ సీజన్ వదిలేసి ఐదారు నెలలు కాలికే ఇస్తే? నష్టం చిన్నదేమీ కాదు. జూనియర్ ప్రపంచకప్ జట్టుకు వయసు హద్దు 21, నీకు కాలం కరుగుతోంది, నీ చోటులో ఇంకొకడు ఆడతాడు, వాడు బాగా ఆడితే మళ్లీ పిలుస్తారన్న హామీ లేదు. కానీ హాకీ 21 దగ్గర ఆగిపోదు. సీనియర్ నేషనల్స్ ఉన్నాయి, రైల్వే, పోలీసు, సర్వీసెస్ జట్లున్నాయి. మన హాకీ గోల్‌కీపర్ శ్రీజేష్ సంగతి చూడు. 2017లో మలేసియాలోని ఇపోలో అజ్లాన్ షా హాకీ టోర్నీలో మోకాలి లిగమెంట్ దెబ్బతిని నెలల తరబడి బయట కూర్చున్నాడు. తిరిగొచ్చి టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2024లో పారిస్‌లో ఇంకో కాంస్యం గెలిచి, ఆ మీదట రిటైరయ్యాడు. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం గూడు తప్పి ఆపరేషన్ అయింది, ఇంచుమించు ఏడాది రింగుకు దూరం. ప్రపంచ చాంపియన్ అయింది 2022లో, మళ్లీ 2023లో. ఆ 2017కీ 2022కీ మధ్య ఐదేళ్లున్నాయి. మనం పేపర్లో చదివింది చివరి రోజు సంగతి, మధ్యలోని రోజులు ఆ అమ్మాయే గడిపింది.

నీకు సంతోషం కలిగించే కథలే చెప్పి పంపితే నిన్ను మోసం చేసినట్టవుతుంది, అందుకే ఇదీ విను. రాణీ రాంపాల్ టోక్యోలో మన మహిళల జట్టును నాలుగో స్థానం దాకా నడిపించింది. ఆ తర్వాత ఆమెను ఆపింది కూడా ఇదే తొడ వెనక కండరం. 2022 ప్రపంచకప్ జట్టులో ఆమె లేదు. మళ్లీ జట్టులోకి వచ్చినా పాత చోటు దొరకలేదు, 2024లో రిటైరై కోచింగ్ వైపు వెళ్లింది. మంచి డాక్టర్లు, ఫిజియోలు అందుబాటులో ఉన్న కెప్టెన్‌కే అలా జరిగింది. కాబట్టి ఆరు నెలలు ఆగితే తప్పకుండా ఇండియాకు ఆడతావని నేను మాట ఇవ్వలేను. ఆగకపోతే ఆడే అవకాశం బాగా తగ్గిపోతుందని మాత్రం చెప్పగలను.

మధ్య దారి కూడా ఒకటుంది. ట్రయల్స్ వదిలేసి, కాలు గట్టిపడ్డాక చిన్న మ్యాచుల్లో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టడం. హాకీలో ఎన్నిసార్లయినా బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, ఫుట్‌బాల్‌వాళ్లకు ఈ వెసులుబాటు లేదు. 15 నిమిషాల క్వార్టర్‌లో మూడు నాలుగు నిమిషాలు ఆడి బయటికి రా, వారం వారం పెంచుకుంటూ పో. దీనికి కోచ్ తోడు కావాలి. కానీ నువ్వు ఆయనకు నొప్పి దాచావు. నేషనల్స్ ముందు రోజు వార్మప్‌లోనే లాగుతోందని తెలిసినా చెప్పలేదని రాశావు. ఎందుకు దాచావో నాకు అర్థమవుతుంది, చెప్తే పక్కన కూర్చోబెడతారని. కానీ అక్కడ నీతో పాటు పదిమంది ఆడుతున్నారు, మొదటి క్వార్టర్‌లోనే ఫార్వర్డ్ పోతే ఆ జట్టు ప్లాన్ మొత్తం తారుమారవుతుంది. ఆయన దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆయన కోప్పడితే పడనీ.

మరి కాలు సిద్ధమైందని ఎట్లా తెలుస్తుంది? ఇంతవరకూ నీ వాపసు తేదీలు ఎవరు పెట్టారో చూడు. ఒకసారి కాలనీ యూత్ పెట్టారు, ఇంకోసారి నేషనల్స్ షెడ్యూల్ పెట్టింది, ఇప్పుడు ట్రయల్స్ నోటీసు పెడుతోంది. ఈసారి క్యాలెండర్ తీసేయి. నొక్కితే నొప్పి ఉండొద్దు. వెల్లకిలా పడుకుని ఒక్క కాలి మీద నడుము ఎత్తితే రెండు వైపులా సమానంగా ఎత్తగలగాలి. ఫిజియో బలం కొలిస్తే రెండు కాళ్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. సగం స్పీడ్, ముప్పావు స్పీడ్, ఆ తర్వాత ఫుల్ స్పీడ్, ఒక్కో మెట్టు దాటాక మర్నాడు పొద్దున లేచినప్పుడు కాలు పట్టేయకూడదు. అదంతా అయ్యాక స్టిక్ పట్టి, వంగి, అలసిపోయిన తర్వాత కూడా అవే పరుగులు తీయగలగాలి. చాలామంది ఈ చివరి మెట్టు ఎగ్గొడతారు, మ్యాచ్‌లో తెగేది అక్కడే.

వ్యాయామాల్లో ఒకటి ఇంట్లోనే చేయొచ్చు, ఫిజియో సరేనన్నాకే సుమా. మోకాళ్ల కింద దిండు వేసుకుని నిటారుగా మోకరిల్లు, మీ తమ్ముడిని నీ చీలమండల మీద రెండు చేతులూ గట్టిగా అదిమి పట్టుకోమను. వీపు, తొడలు ఒకే గీతలో ఉంచి, నడుము దగ్గర వంగకుండా, మెల్లగా ముందుకు ఒరుగుతూ వెళ్లాలి. ఒక చోట ఇక ఆపలేక చేతులు నేలకు ఆనిస్తావు. మొదటి వారం ఆ చోటు చాలా ముందే వస్తుంది, మర్నాడు తొడలు సలుపుతాయి, తమ్ముడు నవ్వుతాడు. వారాలు గడిచేకొద్దీ నేలకు ఇంకా దగ్గరగా వెళ్లేదాకా ఆపగలుగుతావు. దీన్ని నార్డిక్ అంటారు, తొడ వెనక గాయాలను తగ్గించడంలో బాగా పరీక్షకు నిలిచిన వ్యాయామాల్లో ఇదొకటి. కాలు బాగుపడ్డాక కూడా, ఆడినన్నాళ్లూ చేస్తూనే ఉండాలి.

మామ మాట కొట్టిపారేయకు. ఆయన నీ ఆట మీద పగతో అనలేదు, మీ బాపు చిట్టి సంగతి ఆయనకూ తెలుసు కాబట్టి అన్నాడు. కాకపోతే కానిస్టేబుల్ పరీక్షలోనూ 1600 మీటర్ల పరుగుంది, లాంగ్‌జంప్ ఉంది. ఆ కాలితో అక్కడా ముందుకు పోలేవు. అంటే హాకీ ఆడినా, మానేసినా, ఈ ఆరు నెలల వైద్యం తప్పదు. ఇది మామకు చెప్తే ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది. మిగిలిన రెండు సబ్జెక్టులు ఈ ఖాళీలోనే రాసెయ్యి. డిగ్రీ ఉంటే పీఈసెట్ రాసి బీపీఈడీకి (వ్యాయామ ఉపాధ్యాయ కోర్సుకు) వెళ్లొచ్చు, స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ పడినప్పుడు నీ నేషనల్స్ సర్టిఫికెట్‌తో పాటు చదువు కూడా అడుగుతారు. సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఫొటోలు తీసి ఉంచుకో. మానేయాలనే అనిపిస్తే మానేయొచ్చు, అది నేరం కాదు. కానీ నొప్పిలో ఉండి, కామెంట్లు చదివిన రాత్రి మానేయకు. కాలు మానాక, పరిగెత్తగలిగి కూడా గ్రౌండ్‌కు వెళ్లాలనిపించకపోతే అప్పుడు మానెయ్యి.

బాపు గురించి నువ్వు ఎక్కువ రాశావు, అప్పు అనే మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. ఆయన ఎప్పుడైనా అడిగాడా? ఉత్తరంలో వెతికాను, ఎక్కడా లేదు. "మస్తు టెన్షన్‌ల ఉంటడు, నాతోని మాట్లాడడు" అని మాత్రం ఉంది. పిల్లవాడు కుంటుతుంటే ఏం అడగాలో తెలియక మాట్లాడని తండ్రులు మనలో చాలామంది. నువ్వే మొదలుపెట్టు. చిట్టి ఇంకా ఎన్ని నెలలుందో అడుగు, ఈ ఆరు నెలల్లో నువ్వు సాయంత్రాలు పిల్లలకు స్టిక్ పట్టడం నేర్పి కొంత సంపాదించగలవేమో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. అమ్మ మొక్కు అమ్మది. నీ కాలు బాగుండాలని కూడా ఆమె మొక్కుకునే ఉంటుంది, ఒకసారి అడిగి చూడు.

ఇక జనం. నిన్ను అడిగేవాళ్లందరినీ ఒకే గుంపుగా చూస్తున్నావు, అందుకే అంత బరువు. పాల దగ్గర అడిగే పెద్దాయన నీ మీద ప్రేమతో అడుగుతాడు, అతనికి కావలసింది ఒక్క ముక్క జవాబు. ఫ్లెక్సీ కట్టినవాళ్లకు నీ పేరుతో పాటు వాళ్ల ఫొటో కూడా కావాలి, అందులో తప్పేమీ లేదు గానీ వాళ్ల టోర్నమెంట్‌కు నీ తొడ బాధ్యత కాదు. వీడియో కింద గాజు కాళ్లోడు అని రాసినవాడు నీ ఆట ఒక్క మ్యాచ్ అయినా పూర్తిగా చూశాడా? ఆ మాటకు నువ్వు జవాబు చెప్పనక్కర్లేదు, రుజువు చేయనక్కర్లేదు. కొన్నాళ్లు ఇన్‌స్టా ఫోన్‌లోంచి తీసేయి, లేదా పాస్‌వర్డ్ తమ్ముడికి ఇవ్వు. గ్రౌండ్‌లో అలా పిలిచే పిల్లల్ని మాత్రం వదలకు. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టు, కండరం ఎలా తెగుతుందో, వార్మప్ ఎందుకు చేయాలో చెప్పు. రేపు వాళ్లలో ఒకడికీ ఇదే జరగొచ్చు.

అడిగినవాళ్లందరికీ ఒకటే మాట పెట్టుకో: "డాక్టర్ ఇంకా తేదీ చెప్పలేదు అన్నా, చెప్పినప్పుడు నేనే చెప్త." వచ్చే నెలకు వస్తా, దసరాకు ఆడతా అని ఎవరికీ మాట ఇవ్వకు, ఇచ్చిన ప్రతి తేదీ మళ్లీ నీ కాలి మీదే పడుతుంది.

నన్నడిగితే నేను ట్రయల్స్ వదిలేసి స్కాన్ వైపు మొగ్గుతాను. నువ్వు వేరేలా నిర్ణయించుకుంటే, కనీసం ట్రయల్స్ కంటే ముందు స్కాన్ చేయించి, ఆ రిపోర్టు కోచ్ చేతిలో పెట్టి అప్పుడు వెళ్లు. ఆర్థో ఓపీకి ఎవరిని వెంట తీసుకెళ్లాలా అని ఆలోచిస్తుంటే, బాపునే అడుగు. ఒక పూట ఆటో ఆపితే పోయే కిరాయి గురించి నువ్వు బాధపడకు, ఆయనకు ఆ డాక్టర్ మాట నేరుగా వినాలని ఉంటుంది. రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయి.